పద్నాలుగు పలకలు

"ఇవి పెట్టుకుంటే మనిషి గుమ్మం అనుకుని గోడలోకి నడుస్తాడు." ఆమె నాతో అన్న మొదటి మాట అది.

నేను అరగదీసిన కళ్ళద్దాల గురించి అంది. మా ల్యాబ్‌లో నాది అద్దాల అంచులు ఫ్రేముకు సరిపడేలా అరగదీసే మిషను. ఆమెది నా వెనక బల్ల. ప్రతి జతనూ లెన్సోమీటరు కింద పెట్టి, డాక్టరు చీటీతో సరిచూస్తుంది. బాగుంటే టిక్కు పెడుతుంది, లేకపోతే ట్రే వెనక్కి తోస్తుంది. నేను చేరిన మొదటి రోజునే మూడు ట్రేలు వెనక్కి వచ్చాయి.

"యాక్సిస్ పది డిగ్రీలు పక్కకు తిరిగింది."

"పదేగా అండీ."

"డిగ్రీ ఉందని పొద్దుట్నుంచి మూడుసార్లు చెప్పారు. అందులో ఈ పది కలపలేదా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మధ్యాహ్నానికల్లా నా పేరు డిగ్రీ గారు అయిపోయింది.

నిజం చెప్పాలంటే ఆ పేరు నాకు ఇష్టమే. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ణి నేను. నాన్న ఇళ్ళకు రంగులు వేస్తాడు. అమ్మ స్కూల్లో తరగతి గదులు ఊడుస్తుంది. నాకు మాత్రం ఒక తరగతి అయ్యాక పై తరగతి, అదయ్యాక ఆ పైది. ఆగితే వెనకబడిపోతావని చిన్నప్పట్నుంచి నూరిపోశారు. ఆటలో కూడా నేను అలాగే ఉండేవాణ్ణి.

ఆట పేరు ఏడు లోయలు. ఫోన్లో ఆడేది. కత్తులు, గుర్రాలు, రాక్షసులు, మంత్రగాళ్ళు అన్నీ ఉంటాయి. ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి ఆడతారు. అప్పగించిన పని పూర్తిచేస్తే అనుభవం వస్తుంది, అనుభవం నిండితే లెవెల్ పెరుగుతుంది. ఏ పనికి ఎక్కువ అనుభవమో చూసుకుని అదే చేసి, చిన్నా చితకా పనులన్నీ వదిలేసి, రెండు నెలల్లో అరవై నాలుగో లెవెల్ చేరాను. అందులో నా పేరు మెరుపు.

ఓ మధ్యాహ్నం భోజనాల గదిలో కిటికీ పక్కన ఆమె అదే ఆట ఆడుతోంది. బయట వాన. అద్దం మీద జారే చుక్కల నీడలు ఆమె చెంప మీద కూడా జారుతున్నాయి. నేను చూడాల్సింది ఫోను. చూస్తున్నది చెంప.

"చూసింది చాలు. అడిగేదేదో అడగండి," అంది తలెత్తకుండా.

గతుక్కుమని తెర వైపు తిరిగాను. ఇరవై తొమ్మిదో లెవెల్ వీరనారి. వీపున విల్లు, నడుముకు కత్తి, చంకలో నీళ్ళ బిందె.

"ఏంటండీ, ఇరవై తొమ్మిదో లెవెల్లో నీళ్ళు మోస్తున్నారా?"

"ముసలమ్మ అడిగింది."

"ఆ పనికి అనుభవం సున్నా!"

"అందుకే మోస్తున్నా. బిందెకో పువ్వు ఇస్తుంది."

"ఆ పువ్వుతో ఏం వస్తుంది?"

"పువ్వు వస్తుంది."

నాకు ఒళ్ళు మండింది. "రెండు తోడేళ్ళని కొడితే మీకు ముప్పై వస్తుంది. మొదటి లోయ దాటొచ్చు. అవతల ఎంత బాగుంటుందో తెలుసా?"

"మీరు దాటారుగా. వంతెన ఎలా ఉంటుంది?"

"ఏ వంతెన?"

"లోయ దాటించే వంతెన."

"గుర్రం మీద వచ్చేశాను. చూడలేదు."

"పోన్లెండి. గుర్రం చూసుంటుంది," అంది.

ఆరోజు నుంచి ఆమెను నత్త అన్నాను. ఆమె కోప్పడలేదు. నెల తిరిగేసరికి మీరు పోయి నువ్వు వచ్చింది. నా డబ్బాలో కూర ఆమె డబ్బాలోకి, ఆమె డబ్బాలోది నా డబ్బాలోకి చేరడం మొదలైంది.

చిత్రం ఏమిటంటే ఆమెకు ఆడటం రాక కాదు. పాత ఆర్డరు చీటీల వెనక చిన్న చిన్న అక్షరాలతో పట్టిక రాసుకుంది. నీళ్ళు మోయడం, సున్నా. తప్పిపోయిన పిల్లిని వెతకడం, సున్నా. ఉత్తరం అందించడం, రెండు, కాబట్టి వద్దు. తోడేలు ఎదురొస్తే కొట్టకుండా చెట్టెక్కేది. వంతెన వైపు అసలు వెళ్ళేదే కాదు, కొత్త చోటు చూసినా కాస్త అనుభవం కలుస్తుందని. నేను లెవెల్ పెంచడానికి ఎంత కష్టపడ్డానో, పెరగకుండా ఉండటానికి ఆమె అంత కష్టపడేది.

"అవతలికి వెళ్ళడానికి భయమా?" అని అడిగాను.

"కాదు. నాకిక్కడ పనుంది."

"ఏం పని?"

"తిను, చల్లారిపోతోంది," అంది.

అప్పుడు ఇంకోసారి అడిగుండాల్సింది. నేను అడగలేదు. ఎందుకంటే ఆ మాట అంటూ నా మూతి మీది మెతుకును వేలితో తీసేసింది. ఆ తర్వాత నాకు ఇంకేదీ వినిపించలేదు.

వాళ్ళమ్మకు కంటి ఆపరేషను అని ఆమె ఆరు రోజులు సెలవు పెట్టింది. వెళ్ళే ముందురోజు నా మిషను దగ్గరికి వచ్చి ఒక చీటీ ఇచ్చింది. ఆటలో ఆమె ఖాతా పేరు, పాస్‌వర్డు ఉన్నాయి దాని మీద.

"వార్డులో సిగ్నల్ ఉండదట. రోజూ ఒక్కసారి నా ఖాతాలోకి వెళ్ళి, పడవ రేవులో దీపం వెలిగించి వచ్చెయ్. ఒక్కరోజు కూడా తప్పకూడదు."

"ఓస్, అంతేనా?"

"అంతే. ఇంకేం ముట్టుకోకు."

"నత్త ఇల్లు నేనెందుకు కదిలిస్తాను?"

"నవ్వులాట కాదు. ఒట్టు వెయ్యి."

ఒట్టేశాను.

ఐదు రోజులు బుద్ధిగా దీపం పెట్టి వచ్చాను. రేవులో ఒక బల్ల, దాని మీద కదలకుండా కూర్చున్న ఒక ముసలాయన. తల మీద పేరు దర్జీ, లెవెల్ ఇరవై ఏడు. ఎవరో ఆడటం మానేసి వదిలేసిన బొమ్మ అనుకున్నాను.

ఆరో రోజున అనుభవం గీత చూశాను. ఇంకా రవ్వంతే ఖాళీ. సరిగ్గా రెండు తోడేళ్ళు.

రేపు ఆమె వస్తుంది. వచ్చేసరికి ముప్పై కనిపిస్తే? భయపడి ఆగిపోయిన మనిషిని చెయ్యిపట్టి గుమ్మం దాటించినట్టుంటుంది కదా! నన్ను మా లెక్కల మాస్టారు అలాగే దాటించారు. వద్దు సార్, నావల్ల కాదంటున్నా వినకుండా పరీక్ష ఫీజు తానే కట్టేశారు. మనిషికి మేలు చెయ్యడమంటే అదేనని నా నమ్మకం. ఒట్టు గుర్తొచ్చింది. ఆమె సంతోషం ముందు ఒట్టెంతలే అనుకున్నాను.

రెండు తోడేళ్ళని కొట్టాను. తెర మీద ఏవో నాలుగు వరసలు వచ్చాయి, కింద 'సమ్మతమేనా?' అని. ఆరువందల పేజీల పుస్తకాలు చదివి పాసైనవాణ్ణి, ఆ నాలుగు వరసలు చదవలేదు. సమ్మతమే అని నొక్కాను. బాకాలు మోగాయి, పూలు రాలాయి.

దీపం పెట్టడానికి రేవుకు వెళితే బల్ల ఖాళీగా ఉంది. ముసలాయన లేచి ఎటో వెళ్ళాడు కాబోలు అనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం డబ్బా మూత కూడా తియ్యకుండా ఆమె ఎదురుగా కూర్చున్నాను. నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కుంటున్నాను. ఆమె ఫోను తీసింది. బొటనవేలు రేవు వైపు వెళ్ళింది. ఆగింది.

"నాన్న ఏడీ?" అంది.

నాకు అర్థం కాలేదు.

"బల్ల మీద నాన్న ఏడీ?"

తెరను వేలితో అటూ ఇటూ జరుపుతోంది, ఇంట్లో మనిషి కోసం గది గది తిరిగినట్టు. తర్వాత పైన ఉన్న ముప్పై అంకె చూసింది. తర్వాత నన్ను చూసింది.

తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మెల్లగా చెప్పింది. వాళ్ళ నాన్న దర్జీ. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పట్టు తప్పితే, వేళ్ళు కదిలించమని డాక్టరు అన్నారట. ఈమె తన పాత ఫోన్లో ఆట పెట్టిచ్చింది. సూది పట్టిన వేళ్ళతో ఆయన ఒక్కో పనీ ఒక్కో పూట చేసేవాడు. ఒకరోజు, ఇద్దరూ కలిసి పడవ నడిపే జంటపని ఒప్పుకుని, బల్ల మీద కూర్చుని, ఈమెకు ఫోన్ చేశాడట: "చిట్టీ, నేను రేవులో కూర్చున్నా. నువ్వు డ్యూటీ దిగాక వచ్చి పడవెక్కు." ఆమె డ్యూటీ దిగేసరికి ఆయన లేడు.

"జంటలో ఒకరైనా రోజూ దీపం పెడితే ఆ పని నిలిచే ఉంటుంది. లెవెల్ ముప్పైకి చేరితే రద్దవుతుంది," అంది. "పదకొండు నెలలు కూర్చోబెట్టాను."

"నాకు... నాకు చెప్పలేదుగా..."

"ముట్టుకోకు అని చెప్పాను." ఫోను బోర్లా పెట్టింది. "నువ్వు మంచికే చేశావు. నాకది తెలుసు. అందుకే నిన్ను ఏమీ అనలేకపోతున్నా. అనలేనిదంతా లోపలే ఉండిపోతోంది."

డబ్బా ముయ్యకుండానే లేచి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత మా మధ్య ట్రేలే నడిచాయి. బాగుంటే టిక్కు, లేకపోతే వెనక్కి. మాట లేదు. ఆమె మధ్యాహ్నం డబ్బా తన బల్ల దగ్గరే తినేది. ఫోన్లోంచి ఆట తీసేయలేదని మాత్రం పక్కబల్ల అక్క చెప్పింది. తెరవడమూ లేదట.

నేను ఆట కంపెనీకి ఉత్తరం రాశాను. గౌరవనీయులైన అని మొదలుపెట్టి, జరిగింది దాచకుండా, తప్పు నాదేనని ఒప్పుకుని, రెండు పేజీలు. నిమిషంలో జవాబొచ్చింది. మీ వీరనారి ముప్పైకి చేరినందుకు అభినందనలు అని.

సాయంత్రం వరండాలో నాన్న కిరసనాయిలు గుడ్డతో గోళ్ళ సందుల్లో రంగు తుడుచుకుంటున్నాడు. ఆట అంటే ఆయనకు తెలియదు. అయినా మొదట్నుంచి చివరిదాకా చెప్పాను. ఆయన గుడ్డ పక్కన పెట్టాడు.

"అడిగి చేశావురా?"

"లేదు. మేలవుతుందని..."

"నేనూ ఓసారి చేశాలే అలాంటి మేలు." కాసేపు గోళ్ళు చూసుకున్నాడు. "ఒకింట్లో తలుపు చెక్క మీద పెన్సిలు గీతలున్నాయి. మురికనుకుని, ఆవిడ మెచ్చుకుంటుందని, శుభ్రంగా గీకి రెండు కోట్లు కొట్టా. అవి ఆవిడ కొడుకు ఎత్తు కొలిచిన గీతలు. ఆ పిల్లాడు లేడు."

"ఆవిడేమంది?"

"చెయ్యి పెట్టి తడిమింది. తడి రంగు అరచేతికి అంటింది. అదే నాకిప్పటికీ..."

"మరి నువ్వేం చేశావు నాన్నా?"

"ఏం చేస్తాను, గీకినవి మళ్ళీ వస్తాయా? మిగతా తలుపులకు రంగెయ్యకముందు ప్రతి తలుపు దగ్గరా కూర్చుని, పైనుంచి కిందిదాకా చూశా. ఇంకెక్కడన్నా ఏమన్నా రాసుందేమోనని. వంటింటి తలుపు వెనక రెండు గీతలు దొరికాయి. వాటిని ముట్టుకోకుండా వదిలేసి, ఆవిడకు చూపించి వచ్చా."

మర్నాడు మధ్యాహ్నం ఆటలో కొత్త మనిషిని మొదలుపెట్టాను. ఒకటో లెవెల్, చేతిలో కర్ర. పేరు అడిగితే డిగ్రీ అని కొట్టాను.

ఈసారి గుర్రం కొనలేదు. వాళ్ళ నాన్న నడిచిన లోయంతా నడిచాను. దేనికెంత అనుభవమో చూడకుండా, ఎవరు ఏ పని అడిగితే ఆ పని చేశాను. ముసలమ్మకు నీళ్ళు మోశాను. పిల్లిని వెతికాను, మూడు మధ్యాహ్నాలు పట్టింది. పొయ్యిలోకి పుల్లలేరాను. అరవై నాలుగు లెవెళ్ళు ఎక్కినవాణ్ణి, ఆ లోయలో ఇంతమంది ఉన్నారని అప్పుడే తెలిసింది. ఎక్కడా దర్జీ జాడ లేదు. నెలయ్యేసరికి ఎనిమిదో లెవెల్లో వంతెన దగ్గరికి చేరాను.

అక్కడొక వడ్రంగి ఉంటాడు. అడవి నుంచి పలక మోసుకొస్తే వంతెనకు బిగిస్తాడు. తెచ్చినవాళ్ళు దాని మీద ఒక మాట రాసుకోవచ్చు. ఎన్నేళ్ళైనా అది చెరగదు. నా మొదటి పలక అందుకుని, అంతకుముందు తెచ్చిన వాళ్ళ జాబితా చూపించాడు. వందల పేర్లు. వేలితో జరుపుతూ పోయాను.

దర్జీ, పద్నాలుగు పలకలు.

భోజనాల గదిలో అందరి ముందూ లేచి నిలబడ్డాను. మళ్ళీ కూర్చున్నాను.

వంతెనకు నాలుగువందల పన్నెండు పలకలు. ఏ పలక ఎవరిదో పైకి తెలియదు. ఆగి, 'వంగి చూడు' అని నొక్కితే గానీ రాత కనిపించదు. వీటి మీదుగానే నేను గుర్రాన్ని దూకించుకుంటూ పోయాను. ఒక్కో పలక దగ్గరా వంగాను. ఎవరెవరివో పేర్లు, ఎవరెవరివో ప్రేమలు, ఒకడైతే తన పరీక్ష హాల్‌టికెట్టు నంబరు రాసుకున్నాడు. పదహారు మధ్యాహ్నాలు. పద్నాలుగూ దొరికాయి.

ఆమెకు ఎలా చెప్పాలి? మాటలు లేవు కదా. ట్రేలో పెట్టే చీటీ వెనక రాశాను: "వంతెన మీద మీ నాన్న పలకలు ఉన్నాయి. ఎడమ అంచు, నూట ఆరో పలక నుంచి. వంగి చూడాలి. నేను ఏమీ ముట్టుకోలేదు." ఒక జత అద్దాల కింద పెట్టి వెనక బల్ల మీదికి తోశాను.

లెన్సోమీటరు ఆగింది. చాలాసేపు ఆగింది. వెనక్కి తిరిగే ధైర్యం లేక నేను మిషను వైపే చూస్తూ కూర్చున్నాను.

మధ్యాహ్నం ఆమె భోజనాల గదిలోకి వచ్చింది. కిటికీ పక్కన, నా ఎదురుగా కూర్చుంది. ఫోను బల్ల మీద పెట్టి ఆట తెరిచింది. బయట మళ్ళీ వాన. వీరనారి వంతెన ఎక్కింది. నూట ఆరో పలక దగ్గర వంగింది.

'చిట్టి జారిపడకుండా.'

ఆమె రెండో చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

తర్వాతది, 'ఇది గట్టిది. తట్టి చూశా.' దాని తర్వాతది, 'కొంచెం వంకర పోయింది. గుడ్డయితే సరిచేద్దును.' అక్కడ ఆమె నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. 'ఇక్కడ సందుంది చిట్టీ, చూసుకుని అడుగెయ్యి.' ఒక్కో అడుగు, ఒక్కో మాట. ఆయన వణికే వేళ్ళతో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఎన్ని పూటలు కూర్చున్నాడో.

పద్నాలుగోది మిగిలిన వాటికంటే పొడుగు.

'ఇక్కడికి నా వంతు అయిపోయింది. ముందున్నవి వేరేవాళ్ళు వేశారు. వాళ్ళూ మంచివాళ్ళే.'

ఆమె ఫోను మీద తల వాల్చింది. భుజాలు కదులుతున్నాయి. పక్కబల్ల అక్క లేవబోయి, నన్ను చూసి కూర్చుంది. నేను నీళ్ళ గ్లాసు దగ్గరికి జరిపాను. అంతకన్నా నాకేమీ తోచలేదు.

కాసేపటికి తలెత్తింది.

"అనుభవం కలుస్తుందని నేనీ వంతెన వైపే రాలేదు," అంది. "ఆయన్ని అక్కడ కూర్చోబెట్టి కాపలా కాశాను. ఆయనేమో ఇక్కడ..."

వేలు పద్నాలుగో పలక మీదికి వెళ్ళింది.

"నేను చేసింది తప్పే," అన్నాను. "ఇది చూపిస్తే అది చెల్లిపోతుందని కాదు. ఆ బల్ల ఖాళీగానే ఉంటుంది. నాకు తెలుసు."

"అవును. ఉంటుంది," అంది.

ముక్కు తుడుచుకుని, నా ఫోను వైపు చూసింది. "నువ్వూ పలక వేశావా?"

"ఒకటి."

"ఏం రాశావు?"

"ఏమీ రాయలేదు. ఖాళీగా ఉంది."

"అదేం?"

"ఏం రాయాలనుకున్నానో అది నీ గురించి. నిన్ను అడక్కుండా రాయకూడదుగా."

చాలాసేపు నన్నే చూసింది. ఆ చూపులో కోపం ఇంకా ఉంది, దుఃఖం ఇంకా ఉంది. వాటి వెనక నేనూ ఎక్కడో ఉన్నట్టు అనిపించింది.

"ఏ లెవెల్లో ఉన్నావిప్పుడు?"

"తొమ్మిది."

"నేను ముప్పై. ఇంత తేడా ఉంటే ఆటలో కలిసి నడవడానికి కూడా కుదరదు."

"మెరుపు ఉంది కదా, అరవై నాలుగు. దాంతో వస్తే..."

"వద్దు. దాంట్లో రాకు." తెర మీద వీరనారి లేచింది. పద్నాలుగో పలక దాటి, వేరేవాళ్ళు వేసిన పలకల మీద అడుగేసి, చివరిదాకా వెళ్ళింది. అవతలి గట్టున ఒక రాయి ఉంది. దాని మీద కూర్చుంది. "నేనిక్కడ ఉంటా. నువ్వు తొమ్మిది నుంచే రా. వచ్చాక అడుగు ఏం రాయాలో. అప్పుడు చెప్తా."

"ముప్పై వచ్చేదాకా అవతలి గట్టు ఎక్కనివ్వరు. చాలా రోజులు పడుతుంది."

"పట్టనీ."

"ఎంత మెల్లగా రమ్మంటావు?"

ఆమె డబ్బా మూత తీసింది. కూర సగం నా డబ్బాలో వేసింది. కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి.

"నీళ్ళు మోసుకుంటూ రా," అంది.